ఒర నంబరు వేరు

షెఫీల్డ్‌లో, డాన్ నది పక్క సందులో,
కురవాలో వద్దో వాన ఇంకా తేల్చుకోలేదు.
సంచీలో పాత తువ్వాలు, తువ్వాల్లో బాయ్‌నెట్టు,
వేలంపాటలో నలభై ఒకటో సరుకు.
కేటలాగు రాయడం నా ఉద్యోగం.
ఇనుము గురించి నాకు తెలిసింది
కత్తిపీట వరకే.

అర్థర్ స్టానిఫోర్త్ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
ముందు వాసన చూశాడు.
అరవయ్యేళ్ళు సానరాయి ముందు వంగిన మనిషి,
కుడి బొటనవేలికి గోరు లేదు.
"స్వీడన్‌ది. ఎస్కిల్‌స్టూనా," అన్నాడు
మేనమామ ఊరి పేరు చెప్పినట్టు.
"మా తాత కొలిమిలోకి ఇనుము ఆ దేశం నుంచే వచ్చేది,
హల్ రేవులో దిగి.
షెఫీల్డ్ కత్తి అని గొప్పలు పోతాంగానీ
దాని పుట్టిల్లు అక్కడ."

పిడి మొత్తం ఉక్కే. చెక్క లేదు, తోలు లేదు,
లోపల బోలు.
అంచుకి పెదవి ఆనించి ఊదాడు.
ఒకటే స్వరం వచ్చింది, చలి స్వరం.
మీట నొక్కితే స్ప్రింగు టక్కుమంది,
నూట పాతికేళ్ళ తర్వాత కూడా
పిలవగానే పలికే బంట్రోతులా.

అడ్డపట్టీ మీద అంకెలు:
కాల్బలం పదకొండు, నంబరు రెండొందల నలభై ఐదు.
పక్కనే కొట్టేసిన పాత రెజిమెంటు గుర్తు,
ఇల్లు మారినవాడు పాత చిరునామా మీద గీత గీసినట్టు.
ఒర మీద మాత్రం ఆరొందల పన్నెండు.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు మావాళ్ళు," అన్నాను.
ఆయన నవ్వలేదు.
"ఒకేసారి ఇమడవు.
ఒకదాని తర్వాత ఒకటి ఎన్నయినా ఇముడుతాయి.
వేళ్ళు కొంకర్లు పోయిన కుర్రాళ్ళు,
చీకటి పడ్డ ఆయుధాగారం,
ఎవడి కత్తి ఎవడి ఒరలో దోపాడో ఎవడు చూశాడు?"

నా కాగితంలో ఒక గడి ఉంది: పాల్గొన్న యుద్ధం.
అర్థర్ అలుగు మీద ఆ గోరులేని వేలు అడ్డంగా నడిపించాడు.
"పదునే పెట్టలేదు దీనికి.
ఇప్పుడు నన్ను పెట్టమనకు, ధర సగానికి పడిపోతుంది."
మొన దగ్గర చిన్న వంపు.
"పక్కటెముక కాదులే. చేపల డబ్బా మూత."

రెండు వందల ఏళ్ళుగా తన పేరున యుద్ధానికి పోని దేశం
వేలకు వేలు ఇవి చేయించి,
నూనె రాసి, లెక్కపెట్టి, మళ్ళీ నూనె రాసి,
రాని చుట్టానికి రోజూ విస్తరి వేసినట్టు.

గడిలో 'ఏదీ లేదు' అని రాసుకుని
తేలికపడి బస్సెక్కాను.

సాయంత్రం ఆఫీసులో నలభై రెండో సరుకు.
అదే ఇంటి నుంచి వచ్చిన తుపాకి,
గొట్టంలో ఉక్కు బిరడా దిగ్గొట్టి నోరు మూయించినది.
మడమ మీద ఇత్తడి బిళ్ళ,
దాని మీద అరుగుదల గుర్తు, మూడు దగ్గర.
లోపల ఎంత తిని పోయిందో
పైన రాసుకు తిరిగే వస్తువు.
మనుషులకు అలాంటి బిళ్ళ లేకపోవడం మంచిదే.

దీపం కిందికి జరిపితే కనిపించాయి
చిన్న గడిలో రెండక్షరాలు: ఎస్, ఏ.
ఫిన్‌లాండ్ సైన్యం ముద్ర.
పక్కింటికి చేబదులిచ్చిన ఉప్పులా
ఎప్పుడో సరిహద్దు దాటింది.
కత్తి ఇంట్లోనే ఉండిపోయింది డబ్బాలు కోసుకుంటూ.
తుపాకి ఆ మంచులో ఏం చూసిందో
బిరడా వెనక ఉంది.

కత్తిదొక నంబరు, ఒరదొకటి, తుపాకిది ఇంకొకటి.
అమ్మే థోర్ప్ గారమ్మాయి 'జత' అని రాయమంది.
రాశాను.
'ఏదీ లేదు' చెరిపేశాను.
గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోదు.

ఊడ్చేవాళ్ళు వచ్చి లైట్లు ఒక్కొక్కటే తీసేస్తున్నారు.
ఎవరూ చూడటంలేదని పిడి అంచుకి పెదవి ఆనించాను.
అర్థర్‌కి పలికిన స్వరం నాకు పలకలేదు.
గాలి వచ్చింది, నూనె వాసనతో.